నూనె తాగే ట్రనియన్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఎడమవైపు ట్రనియన్ గారికి,

చెన్నై పశ్చిమ మాంబళం నుంచి, ఈ పాతకాలపు హెరాల్డ్ కారుకు ఓనరని ఆర్.సి. పుస్తకంలో మాత్రమే రాసి ఉన్న మీ సేవకుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో ఎవరికీ కుశలం లేదు. ముందు చక్రం స్టీరింగ్‌తో తిరగడానికి ఆధారమైన కంచు కీలు మీరు. నూనె తాగాల్సిన మీ నోట్లో ఈ మధ్యాహ్నం మళ్లీ గ్రీజు పడింది.

పగబట్టి పెట్టినవాడైతే తిట్టి పోసేవాణ్ణి. వీల్ అలైన్‌మెంట్ షాపు కుర్రాడు ప్రేమతో పెట్టాడు. వాడి కంప్యూటర్లో హెరాల్డ్ పేరు లేదు. "ఆల్టో అని కొట్టేద్దాం సార్, నాలుగు చక్రాలే కదా" అన్నాడు. ముందు చక్రాలు ఎంత లోపలికి చూడాలో చీటీ మీద రాసిచ్చి, ఎదురు కొట్లో టీకి వెళ్లాను. టీ చల్లారేలోపు వాడు వంగి, మీ పక్కన మెరుస్తున్న నిపిల్ చూసి, పాతబండి కదా పాపం అని జాలిపడి, గన్ను తగిలించి నల్లటి గ్రీజు దట్టించేశాడు. "ఇది ఫ్రీ సార్" అంటూ బిల్లు చూపించాడు. అంత మంచి మనసున్నవాడి మీద కేకలెయ్యడానికి నోరు రాలేదు. అందుకని ఇంటికొచ్చి మీకు రాస్తున్నాను.

మీ దినచర్య నాకు కంఠోపాఠం. చక్రాన్ని మోసే నిలువు లింకు అడుగున మరలుంటాయి. మీ కంచు పొట్టలోనూ మరలుంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ ఉక్కు ఈ కంచులో తిరగాలి. పైన బాల్ జాయింటు ఉన్నా, స్ప్రింగు కూర్చునేది చక్రాన్ని చట్రానికి కలిపే కింది చెయ్యి, అంటే విష్‌బోన్, మీద కాబట్టి ఆ మూల బరువంతా మీ ద్వారానే నేలకు దిగాలి. ఇంత చాకిరీకి మీరడిగే కూలి కాస్త తొంభై నంబరు గేర్ ఆయిల్. కాదని గ్రీజు పెడితే అది మరల్లోకి పాకదు. దారికి అడ్డంగా కూర్చుని గట్టిపడుతుంది, తరవాత నూనె పోసినా లోపలికి పోనివ్వదు. పైనుంచి దిగిన నీళ్లు మాత్రం లోపలే కాపురముంటాయి. మరలు తుప్పుపడతాయి. ఒకనాడు పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పుతుండగా లింకు పుటుక్కున విరిగి, చక్రం బండి కిందికి మడిచి పడుకుంటుంది. హైవే మీద కాకుండా పార్కింగులో విరగడమే మీ వంశ మర్యాద అని చెప్పుకుంటారు. సంతోషం.

మీ పాత అవతారాన్ని విప్పిన రోజు చూశాను. లోపల గ్రీజు ఇంగువ ముద్దలా బిగుసుకుపోయి ఉంది. దాని వెనకాల 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను నీళ్లు చేసిన ఎర్రటి తుప్పు. విప్పిన మెకానిక్కు నెల్లూరాయన, మన భాషే, మంచి పనివాడు. అంతా చూసి కూడా "గ్రీజు చాల్లేదు సామీ, అందుకే ఇట్టయింది" అన్నాడు. నేనేం చెప్పను? బండి సామాన్లమ్మే పుదుప్పేటలో ఒక కొట్టాయన్ని గేర్ ఆయిల్ పట్టే గన్ను అడిగితే, "గ్రీజు గన్నులో గ్రీజు కాక ఇంకేం పోస్తారు సార్, సాంబారా?" అని పక్క కొట్టుకు కూడా వినిపించేలా నవ్వాడు.

సరే, వాళ్లను వదిలేద్దాం. నువ్వు చెప్పు. అవును, ఇక "మీరు" లేదు. నూనె తాగేవాడివి గ్రీజు నిపిల్ తగిలించుకుని ఊరేగడమేమిటి? 1959లో హెరాల్డ్‌ను జనం మీదికి వదిలిన ఇంగ్లండు ట్రయంఫ్ కంపెనీవాళ్లు అక్కడ పెట్టింది మామూలు మూత బోల్టు. నూనె వేసే రోజున మూత విప్పాలట, నిపిల్ బిగించాలట, గన్నులో గ్రీజు బదులు గేర్ ఆయిల్ నింపి కారేదాకా కొట్టాలట, అయ్యాక నిపిల్ తీసి మళ్లీ మూత వెయ్యాలట. ఏ దేశంలో ఏ మెకానిక్కు బిగించిన నిపిల్ విప్పాడు? ఒకడు వదిలేశాడు, తరవాతివాడికి అదే శాసనమైపోయింది. కొత్త జత బిగించిన రోజు మన నెల్లూరాయన కూడా అంతే: "ఊరికే విప్పడమెందుకు సామీ, ఉండనియ్యండి." మూతలు ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు. నూనె కావలసినవాడు నోటికి గ్రీజు గన్ను పట్టే ముక్కు పెట్టుకుంటే తప్పు లోకానిదా? కుర్రాడిదా? నీది కాదూ!

పైగా నూనె పోసినా సుఖం లేదు. గ్రీజు గన్నులో నూనె నిలవదు, పిడి దగ్గరా మూతి దగ్గరా చొక్కా మీదా కారుతుంది. నీలోంచి కూడా కారాలి, కారితేనే ఆరోగ్యమట. ఆ ఆరోగ్యం మా అపార్ట్‌మెంటు పార్కింగు టైల్స్ మీద మచ్చయింది. అసోసియేషన్ సెక్రటరీగారు ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. కింద అందరూ దండాలు పెట్టారు.

నీ కోసం నేను చేసిన ఖర్చు ఒకసారి విను. విష్‌బోన్లకు పాత రబ్బరు బుష్‌లు పీకి పాలీ బుష్‌లు వేయించాను. అవి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కీచుమని నా వయసు గుర్తుచేస్తున్నాయి. స్ప్రింగులు గట్టివి మార్చాను, ఆర్కాట్ రోడ్డులో ఏ గుంతా ఇప్పుడు తన వివరాలు దాచుకోవడం లేదు. డ్రమ్ములు పోయి డిస్క్ బ్రేకులొచ్చాయి, వాటితో మాత్రం పేచీ లేదు. స్టీరింగ్ రాక్‌ను పట్టుకునే రబ్బరు దిమ్మలు తీసేసి అల్యూమినియంవి పెట్టాను. ఇదివరకు స్టీరింగ్ తిప్పితే రాక్ ముందు కాస్త ఆలోచించుకుని కదిలేది. ఇప్పుడు చెయ్యి కదిలితే బండి ముక్కు కదులుతుంది. ఆ హాయి ఆస్వాదిద్దామంటే, ప్రతి మలుపులోనూ నీ నోట్లో ఏముందా అన్న బెంగ.

నిన్ను తెప్పించడం ఇంకో కథ. 1961 నుంచి మద్రాసులోనే తయారైన కారిది. వండలూరంటే ఇప్పుడు అందరికీ జూ గుర్తొస్తుంది గానీ, దీన్ని తయారుచేసిన స్టాండర్డ్ కంపెనీ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. ఆ కారుకు పిడికెడు కంచు ముక్క కోసం ఇంగ్లండుకు డబ్బు కట్టి, సుంకం కట్టి, ఎదురుచూడాలి. వచ్చిన మొదటి పార్శిల్లో రెండూ కుడివైపువే. ఎడమ, కుడి మీ ఇద్దరి మరలూ ఒకరికొకరు ఎదురు తిరుగుతాయి, ఒకరి బదులు ఒకరు పనికిరారు. వాళ్లకు తెలియదా? తెలుసు. "పొరపాటుకు చింతిస్తున్నాం" అని చక్కటి ఇంగ్లీషులో రాశారు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోక తప్పదు. సాయంత్రం షాపు నుంచి వస్తుంటే మా సందు మొదట్లో పాలవ్యాను అడ్డం నిలిచిపోయింది. నా ముందు కొత్త ఎస్‌యూవీ ఒకటి వెనక్కి మళ్లలేక, లోపల కెమెరాలన్నీ కుయ్యోమంటుంటే, ముందుకూ వెనక్కూ ఊగుతోంది. నేను హెరాల్డ్ స్టీరింగ్ చివరిదాకా తిప్పాను. ఇరవై అయిదు అడుగుల వృత్తం. లండన్ టాక్సీలతో సమానంగా తిరుగుతుందని పేరు పడ్డ బండి. ఒక్క ఊపులో మళ్లి బయటపడ్డాను. ఎస్‌యూవీ ఆయన అద్దం దించి "ఎన్నా వండి సార్ ఇదు!" అన్నాడు. నోటినిండా గ్రీజు పెట్టుకుని కూడా ఆ మలుపు తిప్పింది మీరే. లోటస్ ఎలాన్ లాంటి రేసు రక్తమున్న కారు కూడా ట్రయంఫ్ ఇంటినుంచి మీ ట్రనియన్ వంశాన్నే తెచ్చుకుందంటే ఊరికే కాదు. మళ్లీ "మీరు" అనేశాను, చూశారా.

కాబట్టి రేపు పొద్దున్నే జాకీ ఎత్తుతాను. మిమ్మల్ని విప్పి, కిరోసిన్లో కడిగి, మరల్లో ఒక్క నల్లచుక్క మిగలకుండా బ్రష్ కొట్టి, కొత్త సీలు వేసి, చివరిదాకా బిగించి, స్టీరింగ్ ఇటూ అటూ పూర్తిగా తిరిగేటంత వెనక్కి వదిలి, గేర్ ఆయిల్ కారేదాకా పోస్తాను. తరవాత నిపిల్ పీకేసి మూత బోల్టు బిగిస్తాను. దాని పక్కన ఎర్ర పెయింటుతో తెలుగులోనూ తమిళంలోనూ "గ్రీజు కొట్టినవాడి చెయ్యి విరుగును" అని రాయిస్తాను. సెక్రటరీగారు దాన్నీ ఫొటో తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ విధేయుడు, గ్రీజు చేతులతో

తా.క.: ఈ లేఖ కుడివైపు ఉన్న మీ సోదరుడికి కూడా వర్తిస్తుంది. ఆయన మరలు అటు తిరుగుతాయి కాబట్టి, కింది నుంచి పైకి చదువుకోమనండి.