కొనుక్కోవాలా, తీసేసుకోవాలా?

(జింబాబ్వేలో 2000 నుంచి తెల్ల రైతుల పెద్ద కమతాలను ప్రభుత్వం భూమికి ధర కట్టకుండానే తీసుకుని పంచింది. ప్రకాశం జిల్లా పొగాకు రైతు ఇంట్లో పుట్టిన అక్కాతమ్ముళ్ల వాదన ఇది.)

అక్క: ఎవరి భూమి ఎవరు కొనాలిరా? 1930లో చట్టం చేసి దేశంలో సగం నేల తెల్లవాళ్లకు కేటాయించారు. నల్లవాళ్లను ఇసుక నేలల రిజర్వుల్లోకి తోలేశారు. పోగొట్టుకున్నవాడే మళ్లీ డబ్బు కట్టాలా?

తమ్ముడు: 1979లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో స్వాతంత్ర్య ఒప్పందం కుదిరినప్పుడు నల్లవాళ్ల నాయకులు ఆ షరతుకు ఒప్పుకునే కదక్కా సంతకాలు పెట్టారు? అమ్మేవాడికి ఇష్టమైతేనే కొనాలి, పదేళ్లపాటు అంతే అని. యుద్ధం ఆగింది దానివల్లే.

అక్క: యుద్ధం ఆగింది, భూమి కదల్లేదు. 1,62,000 కుటుంబాలకు ఇస్తామన్న కొత్త ప్రభుత్వంవాళ్లు తొంభైల చివరికి సగానికి కూడా ఇవ్వలేకపోయారు. 1997లో ఒకప్పటి పాలక దేశం బ్రిటన్, భూమి కొనుగోలు ఖర్చు భరించాల్సిన ప్రత్యేక బాధ్యత మాకు లేదని ఉత్తరం రాసి చేతులు దులుపుకుంది. పక్కనే దక్షిణాఫ్రికా చూడు. 1994లో, అయిదేళ్లలో తెల్లవాళ్ల సాగుభూమిలో 30 శాతం పంచుతామన్నారు, గడువు 2014కి జరిపారు, అదీ దాటిపోయింది. కొనుక్కుంటూ కూర్చుంటే తరాలు పడుతుంది.

తమ్ముడు: కోపం న్యాయమే. మరి కూలీల సంగతి? నాన్న బ్యారన్, అదే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం, కాల్చేటప్పుడు ఆకు పసుపెక్కేదాకా రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చున్నది ఎవరు? నాన్న ఒక్కడేనా? పక్కన ఇద్దరు కూలీలు ఉండేవాళ్లు. వేడి ఎప్పుడు పెంచాలో వాళ్లకే బాగా తెలుసు. అక్కడా అంతే. మలావీ, మొజాంబిక్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలు లక్షల్లో ఆ కమతాల మీదే బతికారు. పంపకంలో చాలామందికి సెంటు భూమి రాలేదు, ఉన్న గుడిసె కూడా పోయింది. రాజకీయ పలుకుబడి ఉన్నవాళ్లకు మాత్రం మంచి కమతాలు దక్కాయి.

అక్క: అది పెద్ద తప్పు. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ దేశం నాశనమైందనే మాట దగ్గర ఆగిపోకు. 2000లో 23 కోట్ల కిలోల పొగాకు, 2008కి అయిదు కోట్ల లోపుకు పడిపోయింది, నిజమే. 2023లో 29 కోట్లు దాటింది కదా! పండించింది ఎక్కువగా చిన్న రైతులే.

తమ్ముడు: ఎవరి పెట్టుబడితో? 2024 దాకా భూమి ప్రభుత్వానిదే, రైతు చేతిలో పర్మిటో లీజో ఉండేది. దాన్ని చూసి బ్యాంకు అప్పిచ్చేది కాదు. అందుకే కంపెనీ విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చి, పంట అమ్మే రోజున ఆ బాకీ పట్టేసుకుంటుంది. పైగా 2020లో పాత యజమానులకు 350 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ కట్టేదేదో ముందే కట్టి ఉంటే ఇంత విధ్వంసం జరిగేదా?

అక్క: ఆ డబ్బు భూమికి కాదురా. బావులకి, షెడ్లకి, కట్టిన ఇళ్లకి. నేలకి పైసా లేదు. నేను అడిగేది ఆ తేడానే.

తమ్ముడు: సరే, అయితే 2024 చివర్లో మొదలుపెట్టిన పట్టాలు రైతులందరికీ పూర్తి హక్కుతో ఇవ్వమను.

అక్క: అమ్ముకునే హక్కుతో ఇస్తే, ఒక కరువొస్తే ఎవరి చేతికి పోతుందో నీకు తెలీదా? మన ఊళ్లో చూడలేదా?

తమ్ముడు: ఇవ్వకపోతే, ఓటు వేరేవాళ్లకు వేశాడని రేపు ఆ రైతును లేపేస్తే ఏ కాగితం చూపిస్తాడక్కా?