సవరణ: పొడిసున్నం వేడిని పీల్చుకోదు

ఉష్ణగ్రాహక ప్రక్రియల (అంటే వేడిని పీల్చుకుని జరిగేవాటి) గురించి మొన్న రాసినప్పుడు మూడు ఉదాహరణలు ఇచ్చాను: మంచు కరగడం, సున్నపురాయి విడిపోవడం, పొడిసున్నంలో నీళ్లు పోయడం. మూడోది తప్పు.

పొడిసున్నంలో నీళ్లు పోస్తే సలసలా మరుగుతాయి. అంటే వేడి బయటికి వస్తోంది, కాబట్టి అది ఉష్ణమోచక చర్య. సున్నపురాయి, పొడిసున్నం రెండూ సున్నమే కదా అని ఒకే గాటన కట్టేశాను. (దీన్ని సొంతంగా ప్రయత్నించకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం.) సున్నపురాయి సంగతి వేరు. దాన్ని దాదాపు 900 డిగ్రీల దాకా కాలిస్తే పొడిసున్నం, కార్బన్ డై ఆక్సైడ్‌గా విడిపోతుంది. ఒక మోల్‌కి (దాదాపు 100 గ్రాముల సున్నపురాయికి) సుమారు 178 కిలోజౌళ్లు కావాలి. మంట ఆపితే చర్య కూడా ఆగుతుంది.

ఇంకో వాక్యం కూడా సరిచేయాలి. 'వేడిని గ్రహిస్తే ఉష్ణోగ్రత పెరిగి తీరుతుంది' అన్నాను. అలా ఏం లేదు. నీళ్లలో మంచుముక్కలు వేసి కలుపుతూ ఉండండి. మంచు పూర్తిగా కరిగేదాకా థర్మామీటర్ 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 334 జౌళ్లు కావాలి. అంతే వేడితో ఒక గ్రాము నీటిని 0 నుంచి దాదాపు 80 డిగ్రీలకు తీసుకుపోవచ్చు! కరిగేటప్పుడు ఆ శక్తంతా అణువుల మధ్య పట్టు సడలించడానికే ఖర్చవుతుంది. గుప్తోష్ణం అనేది దీన్నే.

అమ్మోనియం క్లోరైడ్ అనే లవణాన్ని నీళ్లలో కరిగిస్తే ఇంకా విచిత్రం. కరగడానికి కావలసిన వేడిని ఆ నీళ్ల నుంచే లాక్కుంటుంది, అందుకే బీకరు చల్లబడుతుంది.