సవరణ: వీ డై వెడల్పు లెక్క అన్ని రేకులకూ ఒకటి కాదు

ప్రెస్ బ్రేక్‌లో (లోహపు రేకులను వంచే మెషీను) వీ డై, అంటే రేకు కింద ఉండే V ఆకారపు గాడి అచ్చు, నోరు రేకు మందానికి 8 రెట్లు ఉండాలని ఇంతకుముందు రాశాను. అది మైల్డ్ స్టీలు పలుచని రేకులకు, ఎయిర్ బెండింగ్‌కు (రేకు డై అడుగుకు తాకకుండా వంచే పద్ధతి) వర్తించే లెక్క: 2 మి.మీ. రేకుకు 16 మి.మీ. డై. అదే డైలో స్టెయిన్‌లెస్ స్టీలు వంచితే టన్నేజీ (టన్నుల్లో చెప్పే వంచే బలం) దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. పంచ్ (రేకును పైనుంచి డైలోకి నొక్కే పనిముట్టు) పైకి లేవగానే రేకు విచ్చుకోవడమూ ఎక్కువే. 90 డిగ్రీలు నిలవాలంటే పంచ్ మరికాస్త లోతుకు దిగాలి. ఎంత లోతన్నది అదే రేకు నుంచి, అదే రోలింగ్ దిశలో (మిల్లులో రేకును రోలర్లతో సాగదీసిన దిశ) కోసిన ముక్కను వంచి ప్రొట్రాక్టర్‌తో చూస్తేనే తేలుతుంది. ఈ పరీక్షను దయచేసి దాటవేయకండి. డై నోరు పెంచితే బలం తక్కువ పడుతుంది, నిజమే. కానీ లోపలి వంపు వ్యాసార్ధం పెరిగి అంచుల కొలతలు మారతాయి. డ్రాయింగు ఒప్పుకుంటేనే ఆ మార్పు చేయండి. మెషీను గరిష్ఠ టన్నేజీని మాత్రం ఎప్పుడూ దాటించవద్దు.