సవరణ: ‘కనెక్ట్’లో వినిపించేది ఆలిస్ గొంతు

జపాన్ గాయనుల జంట క్లారిస్ గురించిన ముందటి పోస్టులో, ‘మడోకా మాగికా’ యానిమే ప్రారంభ గీతం ‘కనెక్ట్’ను క్లారా, కరెన్ పాడారని ఉంది. అది సరికాదు. 2011లో ఆ పాట పాడింది క్లారా, ఆలిస్. హొక్కైడోకు చెందిన వీళ్లిద్దరూ 2010లో ‘ఐరనీ’ పాటతో వచ్చేనాటికి ఇంకా బడిపిల్లలే. ముఖాలు చూపించకుండా, గీసిన బొమ్మల వెనకే ఉండిపోయారు. ఎవరి గొంతు ఎవరిదో తికమక పడటం అందుకే సులువు. 2014లో ఆలిస్ తప్పుకున్నాకే కరెన్ వచ్చారు. కరెన్ పాట నాకూ ఎంతో ఇష్టం. కానీ ‘కనెక్ట్’లో రెండు గొంతులూ అలా కలిసిపోవడంలో సగం ఘనత ఆలిస్‌ది, ఆ పేరు మరుగున పడకూడదు.

అన్నట్టు, అదే సిరీస్ ముగింపు గీతం ‘మాగియా’ కలాఫినా బృందానిది, క్లారిస్‌ది కాదు.