ఖాళీ జాగా వదిలిన నేరం

మహమ్మద్ కులీ కుతుబ్‌షా మీద నాకో కంప్లైంట్ ఉంది. 1591లో చార్మినార్ కట్టించాడు, బానే ఉంది. పైకెక్కడానికి 149 మెట్లు పెట్టాడు, మోకాళ్లున్న వాళ్లు ఎక్కుతారు, లేనివాళ్లు కింద నిలబడి ఫొటో దిగుతారు. కానీ దానికి కాస్త ఉత్తరంగా నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమాన్లు లేపి, వాటి మధ్యలో ఓ నీళ్ల హౌజు (ఇప్పుడు గుల్జార్ హౌజ్ అంటాం) పెట్టి, మిగతా జాగా అంతా ఊరికే వదిలేశాడు చూడండి, తేడా కొట్టింది అక్కడే. రాజమహళ్ల ముందు సైన్యం బారులు తీరడానికట! ఆ మైదానానికి జిలూఖానా అని పేరు కూడానూ. ఊరికి ప్లాన్ గీసిన మీర్ మోమిన్ ఇరాన్ నుంచి వచ్చిన పెద్దమనిషి, పాపం ఆయనకు మన సంగతేం తెలుసు? బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే జనం ముందు అంత ఖాళీ పెట్టొచ్చా?

పెట్టాడు, మనం సరిదిద్దాం. కమాన్ల కాళ్లకు ఆనుకుని దుకాణాలు పెట్టాం. పడమటి కమాన్ కుతుబ్‌షాహీల మహళ్లకు దారి, ఇప్పుడు ఆ మహళ్లు లేవు, బేరం ఉంది. చార్మినార్‌కు 1889లో నాలుగు వైపులా నాలుగు గడియారాలు తగిలించారు, ఎటు తిరిగి ఆలస్యమైనా తెలిసేలా. ఈమధ్య చార్మినార్ చుట్టూ బళ్లు తిరక్కుండా ఆపి, నడిచేవాళ్ల కోసమని రాళ్లు పరిచారు. మళ్లీ ఖాళీ! ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? తోపుడుబండ్లు వచ్చి ఆ లోటు తీర్చాయి.

మొన్న మా ఆవిడతో కలిసి కమాన్లు చూద్దామని వెళ్లా. మచ్లీ కమాన్ కింద తలెత్తి సున్నపు పని చూస్తున్నానో లేదో, వెనక నుంచి స్కూటర్ హారన్, "హటో భాయ్" అని ఓ కేక. నాలుగొందల ఏళ్ల కట్టడాన్ని నాలుగు సెకన్లు చూశా, అదీ ఒక కంటితో. రెండో కన్ను జేబు మీద ఉంది.

ఇంటికొచ్చి గాజుల పొట్లం విప్పుతూ ఆవిడ అడిగింది, "ఇంతకీ ఆ గుల్జార్ హౌజ్ ఎక్కడండీ, చూపిస్తానన్నారు?"

"ఆటో అతను దారి దొరక్క మూడు రౌండ్లు కొట్టాడే, దాని చుట్టూనే."