కంచం నిండా అన్నం వడ్డించి, చాక్లెట్ ముక్క లాక్కుంటారా?

కావలిలో ఉండే మా పెద్దమ్మకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది. మొన్న సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మనవడు ఆమె చేతిలో ఒక డార్క్ చాక్లెట్ ముక్క పెట్టాడు. అగ్గిపెట్టెలో సగం కూడా లేదది. పెద్దమ్మ ఇంకా నోట్లో పెట్టుకోలేదు, వంటింట్లోంచి కోడలు పరుగున వచ్చింది. "తినబాకు అత్తా! వాడికంటే తెలీదు, నీకన్నా తెలియొద్దా?" అంటూ ముక్క తీసేసుకుంది. పెద్దమ్మ ఏమీ అనలేదు. వేళ్లకంటిన చాక్లెట్‌ను కొంగుతో తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే అదే కోడలు చేపల పులుసులోకి మూడోసారి అన్నం వడ్డిస్తూ, "ఇంకొంచెం పెట్టుకో అత్తా, పొద్దున సరిగా తినలేదు నువ్వు" అంది. రెండూ ప్రేమతో చేసినవే. ఆ పిల్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు, అత్తను కన్నతల్లిలా చూసుకుంటుంది. కానీ షుగర్ లెక్కలో చూస్తే ఆమె ఆపాల్సినదాన్ని వడ్డించింది, వదిలేయదగ్గదాన్ని లాక్కుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేనెరిగిన ప్రతి ఇంట్లో ఇదే జరుగుతోంది. షుగర్ ఉన్నవాళ్లు లెక్క ప్రకారం చాక్లెట్ తినొచ్చు. తిననివ్వాలి కూడా. మనం నిషేధాలు బాగా నేర్చుకున్నాం, కొలతలు నేర్చుకోలేదు. ఆ నష్టం ఒక చాక్లెట్ ముక్కతో పోయేది కాదు.

దేశంలో షుగర్ ఎంత పెరిగిందో చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో చేసిన సర్వే 2023లో బయటపెట్టిన అంకె 10 కోట్ల పైమాట. షుగర్ అంచున ఉన్నవాళ్లు ఇంకో 13 కోట్ల పైచిలుకు. పొద్దున ఏడింటికి నెల్లూరు పొగతోటలో ల్యాబుల ముందు పరగడుపున నిలబడ్డవాళ్లను చూస్తే ఏ సర్వే అవసరం లేకుండానే అర్థమవుతుంది. ఆ వరసలో ఎవరిని పలకరించినా "స్వీట్లు, చాక్లెట్లు పూర్తిగా మానేశానండీ" అంటారు. అన్నం ఎంత తింటున్నారో అడగండి. "మామూలుగానే" అంటారు. ఆ 'మామూలు' ఎంతో ఎవరూ చెప్పలేరు.

అసలు 'చాక్లెట్' అన్న మాట దగ్గరే మొదటి పొరపాటు జరిగింది. మన తెలుగులో రంగు కాగితంలో చుట్టిన ప్రతిదీ చాక్లెటే. కొట్లో రూపాయి చిల్లర లేకపోతే "చాక్లెట్ తీసుకోన్నా" అని చేతిలో పెట్టే బిళ్ల చాక్లెట్. పిప్పరమెంటు చాక్లెట్. స్కూల్లో పుట్టినరోజుకి పంచే మామిడికాయ రుచి బిళ్లా చాక్లెటే. వీటిలో చాలావాటిలో కోకో ఒక్క గ్రాము కూడా ఉండదు. చక్కెర, గ్లూకోజ్ పాకం కాచి, రంగూ వాసనా కలిపి గట్టిపరచినవి. నోట్లో వేసుకున్న కాసేపటికి రక్తంలోకి చేరతాయి. డాక్టరు "చాక్లెట్లు మానెయ్యండి" అన్నప్పుడు ఆయన మనసులో ఏముందో గానీ, మనకు మాత్రం ఈ బిళ్లలూ, పాలచాక్లెట్టూ, నల్లటి చేదు చాక్లెట్టూ అన్నీ ఒకే గంపలో పడిపోయాయి.

కోకో గింజను నమిలి చూసినవాళ్లకు తెలుసు, అది చేదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. గోదావరి జిల్లాల వైపు వెళ్తే కొబ్బరి తోటల నీడలో కాయలు కాండానికే అతుక్కుని కనబడతాయి. ఆ గింజను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరితే వచ్చే ముద్దకు చక్కెర కలిపితే చాక్లెట్. ఎంత చక్కెర కలిపారన్నదే మన ప్రశ్న. డార్క్ చాక్లెట్ అట్ట మీద 70 శాతం అని ఉంటే అందులో కోకో భాగం అంత అని. మిగిలిన 30 శాతంలో దాదాపు అంతా చక్కెరే. అంటే 10 గ్రాముల ముక్కలో చక్కెర 3 గ్రాములు, టీస్పూను కూడా నిండదు. అరిగాక రక్తంలో చక్కెరగా మారే పిండిపదార్థాలు అన్నీ కలిపినా 4, 5 గ్రాములు దాటవు. పైగా కోకోలోని కొవ్వు వల్ల కడుపులోంచి ఆహారం నిదానంగా కదులుతుంది కాబట్టి చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. మామూలు పాలచాక్లెట్‌లో మాత్రం సగానికి సగం చక్కెర ఉంటుంది. అక్కడ జాగ్రత్త పడాల్సిందే.

ఇప్పుడు కంచంలోకి రండి. పండగ తర్వాత నేను వంటింటి తూకం ఒకటి కొని కావలి తీసుకెళ్లాను. పెద్దమ్మకు మొదటి విడత వడ్డించిన అన్నం తూచితే 310 గ్రాములు వచ్చింది. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే ఒక్క వడ్డనలోనే 85 గ్రాముల పైన. అంత పిండిపదార్థం డార్క్ చాక్లెట్ నుంచి రావాలంటే దాదాపు 190 గ్రాములు తినాలి, పెద్ద బార్లు రెండు. ఏ ఇంట్లోనైనా షుగర్ పేషెంటు రెండు బార్ల చాక్లెట్ తింటుంటే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. అంత అన్నం తింటే "కడుపునిండా తిన్నది, తల్లి" అని సంతోషిస్తాం. రెండో విడత, మూడో విడత, చివర్లో పెరుగన్నం నేను లెక్కలోకే తీసుకోలేదు.

అన్నం మీద నాకు కోపమేమీ లేదు. మొలగొలుకుల బియ్యం పండించిన గడ్డ మీద పుట్టినవాణ్ణి, పులుసన్నం లేని రోజు నాకూ రోజులా ఉండదు. కానీ మన తాతల కాలంలో కందుకూరు, కనిగిరి మెట్ట ఊళ్లలో పండగకో చుట్టమొస్తేనో తెల్లన్నం. మిగతా రోజుల్లో సజ్జ, జొన్న, వరిగ. రోజంతా పొలంలో ఒళ్లు వంచేవాళ్లు. ఇవాళ మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యమే. ఇడ్లీ అయినా, దోసె అయినా, పెరుగన్నమైనా అదే. పని మాత్రం కుర్చీలో. ఈ మార్పును ఎవరూ షుగర్‌కు కారణంగా చూడరు. వరి తల్లి కదా, అడగడానికి నోరు రాదు. చాక్లెట్ పరాయిది, దాన్ని తిట్టడం తేలిక.

పెద్దమ్మ డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్నాక ఒక పని చేశాం. మామూలు భోజనం చేసిన రోజు రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌లో చూస్తే 241. ఇంకో రోజు అన్నం 150 గ్రాములకు తగ్గించి, గోరుచిక్కుడు కూర రెండింతలు చేసి, చేప ముక్క ఇంకోటి వేసి, చివర్లో 10 గ్రాముల డార్క్ చాక్లెట్ ఇచ్చాం. రెండు గంటల తర్వాత 172. ఒక మనిషి, రెండు రీడింగులు. దీన్ని పరిశోధన అనను. కానీ పద్నాలుగేళ్లుగా ఎవరు ఎంత చెప్పినా అన్నం తగ్గించని పెద్దమ్మ ఆ రెండు అంకెలు తన కళ్లతో చూసి, మర్నాడు తానే అన్నం గిన్నె పక్కకి జరిపింది. ఏ డైట్ చార్టూ చేయలేని పని అది. వదులుకోవడమే తప్ప ఏమీ దొరకని జబ్బు అనుకున్నదాంట్లో ఆమెకు ఒకటి తిరిగి దొరికింది. అందుకే ఇంకోటి వదులుకుంది.

"మనవాళ్లకు ఒక ముక్క తినొచ్చని చెబితే డబ్బా ఖాళీ చేస్తారు, అందుకే అసలే వద్దంటాం" అని నాకు తెలిసిన డాక్టరొకరు అన్నారు. ఆయన అనుభవాన్ని కాదనను. అలా ఆగలేనివాళ్లు ఉంటారు, వాళ్లు ఇంట్లో పెట్టుకోకపోవడమే మంచిది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, ఇన్సులిన్ మోతాదు ఇంకా కుదరనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. కానీ ఇన్నేళ్ల నిషేధం సాధించిందేమిటి? బీరువాలో చీరల కింద దాచుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గబగబా తినడం. దొంగచాటుగా తినేవాళ్లు కొలుచుకుని తినరు, తిన్నది డాక్టరుకు చెప్పరు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు వచ్చాక మందు డోసు పెరుగుతుంది, అసలు కారణం చీరల కిందే ఉండిపోతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 1994లోనే చక్కెర మీద పూర్తి నిషేధాన్ని పక్కనబెట్టి, ఏ రూపంలో తిన్నా మొత్తం పిండిపదార్థం ఎంతన్నది చూడమంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట మన వీధుల్లోకి రాలేదు.

ఈ గందరగోళం ప్రాణం మీదకి తెచ్చేది ఇంకోటుంది. కిందటేడు ఒంగోలు నుంచి నెల్లూరు వస్తుంటే బస్సులో ఒక పెద్దాయనకు లో షుగర్ అయింది. చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. ఎవరో "చాక్లెట్ పెట్టండి" అని అరిచారు. ఒకామె తన పాప కోసం కొన్న చాక్లెట్ బార్ విప్పి నోట్లో పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది. కానీ షుగర్ పడిపోయినప్పుడు అది అక్కరకు రాదు. ఏ కొవ్వు వల్ల భోజనం తర్వాత చాక్లెట్ చక్కెరను నిదానంగా వదులుతుందో, అదే కొవ్వు ఇక్కడ అడ్డం పడుతుంది. అప్పుడు కావలసింది 15 గ్రాముల చక్కెర, వెంటనే. మూడు నాలుగు స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, షుగర్ 70 కంటే పైకి రాకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ రోజు వెనక సీట్లో ఒకతను సీసాలో పంచదార కలిపి తాగించాడు కాబట్టి సరిపోయింది. పంచదార లేకపోతే నాలుగు పిప్పరమెంట్లు నమిలించినా బార్ కంటే మేలు. రోజూ తినకూడని ఆ బిళ్లే అప్పుడు మందు. రోజూ ఒక ముక్క తినగలిగిన డార్క్ చాక్లెట్ అప్పుడు పనికిరాదు. రెండింటికీ ఒకే పేరు పెట్టుకుని, ఈ తేడా ఎవరూ చెప్పకపోతే ఆ బస్సులో జనం ఏం చేస్తారు?

ఎవరు చెప్పాలి? మొదట చెప్పాల్సింది ప్యాకెట్. అదేమో మనతో తెలుగులో మాట్లాడదు. నన్ను ఇన్నాళ్లుగా కుదిపేస్తున్న విషయం ఇదే. మన దేశంలో ఆహార ప్యాకెట్ల మీద వివరాలు ఇంగ్లిష్‌లో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే నిబంధనల ప్రకారం సరిపోతుంది. ఇంకో భాషలో కూడా వేయాలనుకుంటే కంపెనీ ఇష్టం. 2011 జనాభా లెక్కల్లోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైన ఉన్నారు. ఇంతమంది తినేదాంట్లో ఏముందో తెలుసుకోవాలంటే పరాయి భాష చదవాలి. 1966లో తెలుగును అధికార భాషగా చట్టం చేసుకున్న రాష్ట్రంలో, పెద్దమ్మ చేతిలోని డబ్బా ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పదు. టీవీలో ప్రకటన మాత్రం చక్కటి తెలుగులో వస్తుంది. కొనమని చెప్పడానికి వచ్చే భాష, అందులో ఏముందో చెప్పడానికి ఎందుకు రాదు?

మోసాలు పెరిగేది కూడా ఇక్కడే. 'షుగర్ ఫ్రీ' అన్న ముక్క మాత్రం అందరికీ అర్థమవుతుంది కాబట్టి దాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు. వాటిలో చాలావాటిలో చక్కెర బదులు మాల్టిటాల్ అనే ఇంకో తీపి పదార్థం వాడతారు. అది కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకుంటాయి. ఆ సంగతి చీమల్లాంటి ఇంగ్లిష్ అక్షరాల్లో వెనక ఉంటుంది. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందువైపు ఎనిమిది మూలల నల్ల ముద్ర వేయిస్తోంది, చదువు రానివాళ్లు కూడా గుర్తుపడతారు. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ముందు లేబుల్ సంగతి మూడు నెలల్లో తేల్చమంది. తేలే ఆ లేబుల్ మీద తెలుగు ఉండాలని మన ఎంపీలు, ఎమ్మెల్యేలు పట్టుబట్టాలి. కొత్తగా యంత్రాలేమీ పెట్టక్కర్లేదు. 'పది గ్రాములకు చక్కెర ఇంత' అన్న ఒక్క వరస, కళ్లజోడు లేకుండా కనబడేంత అక్షరాల్లో వేస్తే చాలు. మండలానికో మీటింగు పెట్టి చాక్లెట్లు మానమని చెప్పేకంటే ఆ ఒక్క వరసతో ఎక్కువ మంది బాగుపడతారు.

కావలిలో ఆ వరస ఇప్పటికే పడింది. మనవడు తిరిగి బెంగళూరు వెళ్లేముందు ఇంకో డార్క్ చాక్లెట్ తెచ్చి, ముక్కలు విరిచి తూచి, హార్లిక్స్ సీసాలో వేశాడు. పైన ప్లాస్టర్ అంటించి మార్కర్‌తో రాశాడు: 'ముక్కకు చక్కెర 3 గ్రాములు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక్కటి.' సీసా ఇప్పుడు వంటింటి అలమరలో, అందరికీ కనబడేచోట ఉంది. మొన్న నేను వెళ్లినప్పుడు చేతులు కడుక్కుని వచ్చిన పెద్దమ్మకు కోడలే మూత తీసి ఒక ముక్క ఇచ్చింది.