పట్టకారుకు కళాయి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పాత ఇనప సామాన్ల అంగడికి నేను పోయింది మోటారుకు ఫుట్‌వాల్వు కోసం. చేత్తో పట్టుకొచ్చింది గోల్ఫ్ పట్టర్. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

తప్పంతా డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడిది. బంతిని చివర్లో మెల్లగా గుంతలోకి నెట్టే కర్రే పట్టర్. వాడు శని ఆదివారాలు అలాంటి పాతవి కొనుక్కొచ్చి, రుద్ది, మెరుగుపెట్టి, కొత్త పిడి తొడిగి గోడకు వరసగా తగిలిస్తాడు. వీడియో కాల్‌లో చూసి చూసి నాకూ దురద పుట్టింది. పైగా ఒక కథ చెప్పాడు. 1966లో కార్‌స్టన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు కొత్త పట్టర్ ఒకటి చేస్తే, వాళ్ళావిడ దానికి 'ఆన్సర్' అని పేరు పెట్టమందట. అన్ని ఇంగ్లీషు అక్షరాలు దానిమీద పట్టవంటే, 'డబ్ల్యూ' ఒకటి తీసేయమందీ ఆవిడేనట. ఆ పట్టర్ లోకమంతా అమ్ముడుపోయింది. సలహాలిచ్చే ఆడవాళ్ళకు మా ఇంట్లోనూ కొదవలేదు గనక నాకు ధైర్యం వచ్చింది.

అంగడాయన దాన్ని తక్కెట్లో పడేసి "ఇత్తడి రేటు సారూ" అన్నాడు.

"తలకాయే కదయ్యా ఇత్తడి. కడ్డీ ఇనుమేగా?"

"అయితే కోసిస్తా, తలకాయే తీసుకుపోండి" అని రంపం అందుకున్నాడు. రంపం చూశాక ఇంక బేరమేముంది? ఇత్తడి రేటుకే ఇనుమూ కొన్నాను.

"ఇంతకీ ఇది దేనికి సారూ?"

"బంతిని కొట్టడానికి."

నా వయసు చూసి, కర్ర చూసి, పది రూపాయలు తగ్గించాడు.

ఇంటికొచ్చాక 'ఇది పట్టర్ అమ్మా' అంటే, అమ్మ 'పట్టకారు' అని విన్నది. "ఇంట్లో రెండున్నాయి కదరా, మూడోది ఎందుకు?" అంది. అప్పటినుంచి దాని పేరు అదే.

ముందు పాత పిడి కోశాను. ఎన్ని ఎండలు తిన్న రబ్బరో, కత్తి పెడితే పెళుసుగా విరిగింది. కొత్త పిడి తొడిగే పద్ధతి వేరు. కడ్డీకి రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, దానిమీద పెట్రోలు పోసి, ఆ తడి ఆరేలోగా పిడిని ఒక్క ఊపున చివరిదాకా తొయ్యాలి. నేను సగం తోశాక ఫోన్ మోగింది. ఏదో లోను ఇస్తారట. వద్దని మర్యాదగా చెప్పి వచ్చేసరికి పిడి ఉన్నచోటే బిగుసుకుపోయింది. కోసి పారేసి ఇంకోటి తెప్పించాను. మేనల్లుడికి మాత్రం ఆ ముచ్చట చెప్పలేదు.

తర్వాత తలకాయ. 220 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400, 600, 1000 దాకా, అంతా ఒకే దిక్కుకు రుద్దాలి. వరండాలో నాలుగు రోజులు అదే పని. "చింతపండేసి తోమితే అయిదు నిమిషాల్లో పోద్ది కదరా" అని అమ్మ గొణుగుతూనే ఉంది. చింతపండు నలుపు తీస్తుంది గానీ సొట్టలు తీయదని ఎంత చెప్పినా వినదు.

నాలుగో రోజు రాత్రి మేనల్లుడు తీరిగ్గా అడిగాడు. "మామా, అది ఇత్తడేనా, బెరీలియం అనే లోహం కలిపిన రాగా? బెరీలియం అయితే రుద్దొద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు."

అడిగేది మొదటి రోజు అడగొచ్చు కదా! ఆ రాత్రంతా నాకు దగ్గు. దగ్గు రాకపోతే ఎందుకు రాలేదని టెన్షన్. పొద్దున్నే ఆచారివీధికి పోయి ఒక కంసాలికి చూపించాను. ఆయన గీసి చూసి "ఎర్రన లేదు, పచ్చన. దీపపు కుందుల ఇత్తడే" అన్నాడు. నా దగ్గు అక్కడే పోయింది.

పట్టర్ నెత్తిన గురి చూసుకునే గీత ఒకటుంటుంది. అందులో మా ఆవిడ ఎర్ర గోళ్ళ రంగు నింపి, పైన పొర్లిన దాన్ని దూదితో తుడిచాను. సీసా అడుగంటిన సంగతి తర్వాత బయటపడింది. అది ఇక్కడ అప్రస్తుతం.

గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. హాల్లో అంత మూతి ఉన్న గిన్నె పడుకోబెట్టి సాధన మొదలుపెట్టాను. కడిగిన నీళ్ళు పోవాలని మా మేస్త్రీ నేలను తూము వైపు వాటంగా వేశాడు. ఎటు కొట్టినా బంతి తూముకే పోయేది. తూము దగ్గర గిన్నె పెట్టాక నా ఆట బాగా మెరుగుపడింది.

పైన ఏ పూతా వద్దనుకున్నాను. ఇత్తడి తనంతట తానే రంగు తిరిగితే అందమని మేనల్లుడన్నాడు. నెల తిరిగేసరికి నిజంగానే గోధుమ వన్నె వచ్చింది. ఆ వారమే మా వీధిలోకి, ఎన్నేళ్ళకో, కళాయి పూసే ఆయన వచ్చాడు. నేను ఆఫీసులో ఉన్నాను.

సాయంత్రం వరండాలో రెండు గుండిగలు, ఒక చెంబు తళతళలాడుతున్నాయి. వాటి పక్కన వెండి ముద్దలా ఇంకేదో ఉంది.

"నీ పట్టకారు నల్లబడిపోతా ఉంటే చూళ్ళేక వేయించినా" అంది అమ్మ.

తగరం కరగాలంటే 232 డిగ్రీల వేడి కావాలి. కడ్డీని తలకాయకు పట్టి ఉంచే జిగురు అంతదాకా ఆగుతుందా? ఊడి చేతికొచ్చింది. ఆ కడ్డీ ఊడదీయడానికి భయపడి నేను నెలరోజులుగా వాయిదా వేస్తున్నాను! పాపం ఆయనకు లోపలేదో బయటేదో తెలియక, నవాసారం చల్లి అన్ని వైపులా దూదితో తగరం పులిమేశాడు. గురి గీత పూడిపోయింది. గోళ్ళ రంగు పొగై పోయింది.

"ఎంత తీసుకున్నాడు?"

"గరిటె లెక్కే కట్టించినాలే" అంది అమ్మ, బేరం గెలిచిన ముఖంతో.

ఫొటో పంపితే మేనల్లుడు చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత "ఇది ఏ ఫినిష్ మామా?" అని వచ్చింది.

కడ్డీని మా ఆవిడ మునక్కాయల దోటికి కొసన కట్టుకుంది. తలకాయనైనా తీసుకుందామని ఆదివారం మిద్దె ఎక్కితే, గుమ్మడి వడియాల గుడ్డ గాలికి లేవకుండా ఒక మూలన బరువుగా కూర్చుని ఉంది. చెయ్యి వేశానో లేదో కింది నుంచి అమ్మ కేక:

"రేయ్, అది తియ్యబాకు! మిగతా మూడు మూలలకు కూడా అట్టాంటివే దొరుకుతాయేమో ఆ అంగట్లో అడుగు."